వాకిట్లో పోసిన ఇంజన్ ఆయిల్ ఎక్కడికి పోతుంది?

బసంత్‌నగర్ నుండి గోదావరిఖని వరకు సిమెంటు లారీలు, బొగ్గు టిప్పర్లు రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. వాటిని నమ్ముకొని బ్రతికే మెకానిక్ కుటుంబాలు మన మధ్య ఎన్నో ఉన్నాయి. ఇంజన్ నుండి తీసిన నల్లని ఆయిల్‌ను కొందరు షెడ్డు వెనుక పారబోస్తారు. చెదలు పట్టకుండా గుంజలకు పూసేవారు, దుమ్ము లేవకుండా వాకిట్లో చల్లేవారు కూడా ఉన్నారు. "ఒక్క వాన పడితే కొట్టుకుపోతుంది సిస్టర్" అని మాతో చాలామంది అంటుంటారు. కాని అందులోని చిక్కటి భాగం చాలావరకు అక్కడే ఉండిపోతుంది.

పండుగనాటి తలంటు గుర్తు చేసుకోండి. ఒంటికి నూనె పట్టించాక ఎన్ని చెంబుల నీళ్ళు పోసినా జిడ్డు వదలదు. సున్నిపిండి రుద్దితే నూనె చర్మాన్ని విడిచి పిండిని అంటుకుంటుంది. మట్టిలో సున్నిపిండి పని చేసేది కుళ్ళిన ఆకులు, పేడ, వేళ్ళ నుండి వచ్చిన సారం. నీటిలో ఇమడలేని నూనె ఈ సారాన్ని వెదుక్కొని అంటుకుంటుంది. కనుక ఎరువు బాగా ఉన్న మట్టి నూనెను ఎక్కువగా పట్టుకుంటుంది. ఇసుక నేలలో ఈ సారం తక్కువ, అక్కడ నూనె లోతుకు జారిపోవచ్చు. పెట్రోలు, డీజిలులోని తేలిక భాగం కొంత ఆవిరవుతుంది, కొంత నీటితో బావివైపు పోతుంది. అందుకే బావి దగ్గర వాటిని ఒలకపోయడం మరీ ప్రమాదం.

మన బొగ్గు ప్రాంతంలో ఇంకొక సంగతి ఉంది. కొన్ని రకాల విషం మింగినవారికి ఆసుపత్రిలో ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు పొడిని నీళ్ళలో కలిపి తాగించడం మీలో కొందరు చూసే ఉంటారు. ఆ బొగ్గులోని కంటికి కనిపించని సన్నని రంధ్రాలలో విషం చిక్కుకొని రక్తంలోకి పోకుండా ఆగుతుంది. మన నేలలో కలిసిన బొగ్గు పొడి, మసి అంత చురుకైనవి కాకపోయినా ఇదే పని చేస్తాయి. మామూలు మట్టి సారంకన్నా ఇవి నూనె విషాలను పది నుండి వంద రెట్లు గట్టిగా పట్టుకోగలవని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర హంటర్స్ పాయింట్ అనే చోట సముద్రపు బురదలో ఇటువంటి బొగ్గును కలిపి, విషాన్ని కట్టిపడేసే ప్రయోగం కూడా చేశారు.

అయితే మంచిదే కదా అని మీరు అడగవచ్చు. సగం నిజమే. నీటిలోకి, మొక్కలోకి తక్కువ పోతుంది. కాని నూనెను తిని అరిగించే సూక్ష్మజీవులకు కూడా అది అందదు, అందువల్ల ఏళ్ళ తరబడి అలాగే నిలిచి ఉంటుంది.

మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది మట్టి తినే అలవాటు. నీరు విడిపించలేని నూనెను మన కడుపు కొంతవరకు విడిపించగలదు. పైత్యరసం జిడ్డు మీద సబ్బులాగా పనిచేస్తుంది. మనం తిన్న నెయ్యిని అరిగించేదీ అదే. పాకే పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు. రక్తం తక్కువైన పిల్లలు, గర్భిణులు కొందరు మట్టి తింటారు, బయటికి చెప్పడానికి సిగ్గుపడతారు. సిగ్గు వద్దు, అది జబ్బుకు గుర్తు. రక్తపరీక్ష చేయించి ఐరన్ మాత్రలు వాడితే చాలామందిలో ఆ కోరిక తగ్గిపోతుంది.

చర్మం సంగతి కూడా చెప్పాలి. 1775లోనే పెర్సివాల్ పాట్ అనే ఆంగ్ల సర్జన్, పొగగొట్టాలు శుభ్రం చేసేవారికి వృషణాల సంచి మీద క్యాన్సర్ రావడానికి చర్మపు మడతల్లో చేరిన మసి కారణమని గుర్తించాడు. మసిని అంటుకొని ఉండే కొన్ని విషాలు వాడేసిన ఇంజన్ ఆయిల్‌లోనూ ఉంటాయి. ఆయిల్ గుడ్డను జేబులో పెట్టుకొని తిరిగే మెకానిక్ తమ్ముళ్ళు దీన్ని గమనించాలి. చేతులు పెట్రోలుతో కడగవద్దు, సబ్బుతో కడగండి. పని బట్టలను పసిపిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు. ముంజేతులపై, తొడలపై నల్లచుక్కలతో మొటిమలు లేస్తే, లేదా మానని పుండు ఉంటే, ఓపీలో చూపించండి.

2015లో మిషన్ కాకతీయ మొదలైన తర్వాత చెరువుల పూడికమట్టిని రైతులు సంతోషంగా పొలాలకు తోలుకున్నారు. అది మంచి ఎరువే. కాని షెడ్ల మురికికాలువ వచ్చి కలిసే మూలనున్న మట్టి వేరు. పైన నీళ్ళు తేటగా ఉన్నా అడుగు బురదలో నూనె పేరుకొని ఉండవచ్చు. కర్రతో కదిపినప్పుడు రంగురంగుల తెట్టు తేలితే, ఆ మట్టిని కూరగాయల మడికి వేయవద్దు. కొన్ని పాత ట్రాన్స్‌ఫార్మర్ల ఆయిల్‌లో ఉండే పీసీబీలు బురద పురుగుల ద్వారా చేపల కొవ్వులోకి కూడా చేరతాయి. వీటి వాడకాన్ని 2025 చివరికల్లా పూర్తిగా ఆపాలని కేంద్రం 2016లోనే ఆదేశించింది. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఎవరైనా చవకగా ఇస్తామన్నా తీసుకోకండి.

వాడేసిన ఆయిల్ చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థం. మూత ఉన్న డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వారికి చేరేలా ఇవ్వండి. వాకిట్లో ఇప్పటికే నల్లబడిన చోటు ఉంటే కాల్చవద్దు, పొగ ఇంకా చెడ్డది. దానిమీద మంచి మట్టి మందంగా పోసి బండలు పరచండి. అక్కడ ఆకుకూరలు, ముల్లంగి వేయవద్దు. పిల్లలు ఆడుకోవడానికి వేరే చోటు చూపండి.