కాలేయంలో గడ్డలు, కాలేయ క్యాన్సర్: జన్యువులు చెప్పే సంబంధం

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల ఊళ్ల యువతీయువకులు చాలామంది సరకుల విభాగంలోనో, భద్రతా విభాగంలోనో పనిచేస్తూ దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నారు. ఒక ఆదివారం కాంటాక్ట్ తరగతి అయ్యాక వారిలో ఒక విద్యార్థి నాకు స్కానింగ్ రిపోర్టు చూపించాడు. ఉద్యోగం కోసం చేసిన వైద్య పరీక్షలో అతని కాలేయంలో మూడు సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. "సార్, ఇది క్యాన్సరా? ఇప్పుడు కాకపోతే తర్వాత అవుతుందా?" అని అడిగాడు. నేను వైద్యుణ్ణి కాను. మొదటి ప్రశ్నకు జవాబు వైద్యులే చెప్పాలి. రెండోది మాత్రం జన్యుశాస్త్రం ప్రశ్న. దానిని ఈ భాగంలో పరిశీలిద్దాం.

నిరపాయకర కణితులన్నీ ఒకటి కావు

పక్క అవయవాల్లోకి చొచ్చుకుపోకుండా, దూరప్రాంతాలకు పాకకుండా ఉన్నచోటే పెరిగే కణితిని నిరపాయకర కణితి అంటారు. కాలేయంలో ఇలాంటివి ముఖ్యంగా మూడు రకాలు. రక్తనాళాలు ముద్దగా పెరిగితే హెమాంజియోమా అంటారు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. ఇది క్యాన్సర్‌గా మారదు. రెండోది ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా. కాలేయంలో ఒకచోట రక్తప్రసారం అస్తవ్యస్తమైనప్పుడు అక్కడి కణాలు దానికి ప్రతిస్పందనగా పెరగడం వల్ల ఇది ఏర్పడుతుంది. మూడోది అడినోమా. మన చర్చ దీని గురించే.

రెండో రకానికీ మూడో రకానికీ ఉన్న తేడాను తెలుసుకున్న పద్ధతి చక్కనిది. స్త్రీల ప్రతి కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి. పిండదశలోనే వాటిలో ఒకటి నిద్రాణమవుతుంది. ఒక కణంలో తల్లి నుంచి వచ్చినది, మరో కణంలో తండ్రి నుంచి వచ్చినది. గడ్డలోని కణాలన్నింటిలోనూ ఒకే ఎక్స్ నిద్రాణంగా ఉంటే, ఆ గడ్డ ఒకే కణం నుంచి పుట్టిందని అర్థం. అడినోమాలు ఇలాంటివే. హైపర్‌ప్లేసియాలో సాధారణంగా రెండు రకాల కణాలూ కలిసి ఉంటాయి. అది చాలా కణాలు కలిసి పెరిగిన ముద్ద. దాన్ని నడిపించే ఉత్పరివర్తన లేదు కనుక క్యాన్సర్ భయమూ లేదు.

అడినోమాలో ఏ జన్యువు మారింది?

అడినోమాలను ఇప్పుడు జన్యువులను బట్టి వర్గీకరిస్తున్నారు. కొన్నింటిలో హెచ్.ఎన్.ఎఫ్.1ఎ అనే జన్యువు ప్రతులు రెండూ పనిచేయవు. తలుపుకు రెండు గడియలుంటే రెండూ ఊడితేగాని తెరుచుకోనట్లు, ఒక్క ప్రతి పోయినంత మాత్రాన కణితి రాదు. ఒక ప్రతి పుట్టుకతోనే చెడిపోయినవారికి చిన్న వయసులో ఒక రకం మధుమేహం వస్తుంది. ఈ తరగతి కణితులలో కొవ్వు పేరుకుంటుంది. క్యాన్సర్‌గా మారే ముప్పు తక్కువ. ఇంకొన్నింటిలో వాపుకు సంబంధించిన సంకేతం ఆగకుండా నడుస్తూ ఉంటుంది. స్థూలకాయం, మద్యం ఉన్నవారిలో ఇవి ఎక్కువ.

అసలు జాగ్రత్తపడాల్సింది బీటా కెటెనిన్ ప్రోటీన్‌కు చెందిన సి.టి.ఎన్.ఎన్.బి.1 జన్యువు మారిన రకంతో. మామూలు కణంలో ఈ ప్రోటీన్ అవసరం తీరగానే దానికి ఫాస్ఫేట్ అనే చీటీ అంటుకుంటుంది. ఆ చీటీ ఉన్నదాన్ని కణం నాశనం చేస్తుంది. సరకుల విభాగంలో పనిచేసేవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: చీటీ లేని పెట్టె ఎక్కడికీ కదలదు, గోదాములో పేరుకుపోతుంది. ఈ జన్యువులోని మూడో ఎక్సాన్‌లో ఉత్పరివర్తన వస్తే చీటీ అంటుకునే చోటే పోతుంది. ప్రోటీన్ పేరుకుని, కేంద్రకంలో చేరి, కణ విభజనకు సంబంధించిన జన్యువులను మేల్కొల్పుతూనే ఉంటుంది. ఇదే జన్యువు మార్పు కాలేయ క్యాన్సర్లలో దాదాపు మూడో వంతులో కనిపిస్తుంది. రెండు వ్యాధులకూ మధ్య వంతెన ఇదే.

అయినా ఈ ఒక్క మార్పు చాలదు. క్రోమోజోము కొసలను టెలోమియర్లు అంటారు. విభజన జరిగిన ప్రతిసారీ అవి కాస్త అరుగుతాయి. బాగా అరిగాక కణం విభజన మానేస్తుంది. అరిగిన కొసను తిరిగి అల్లే టెలోమరేజ్ ఎంజైము పెద్దవారి కాలేయ కణాల్లో దాదాపు నిద్రపోతూ ఉంటుంది. దాని జన్యువు టెర్ట్. ఆ జన్యువు ముందున్న ప్రమోటర్ భాగంలో ఒక్క అక్షరం మారితే ఎంజైము మేల్కొంటుంది, కణానికి హద్దులేని ఆయుష్షు వస్తుంది. కాలేయ క్యాన్సర్లలో సుమారు 60 శాతంలో ఈ మార్పు ఉంది.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించే విషయం ఈ మార్పులు వచ్చే వరుస. అడినోమా దారిలో బీటా కెటెనిన్ ముందు మారుతుంది, టెర్ట్ చివరి మెట్టు. సిర్రోసిస్ వల్ల మచ్చలు కట్టిన కాలేయంలో ఇది తలకిందులు: అక్కడి బుడిపెల్లో టెర్ట్ మార్పే ముందు వస్తుంది, మిగిలినవి దాని వెనుక వస్తాయి. గమ్యం ఒకటే, దారులు వేరు.

మొత్తం అడినోమాలలో క్యాన్సర్‌గా మారేవి నూటికి నాలుగైదు. ఐదు సెంటీమీటర్లు దాటినా, పురుషుడిలో కనిపించినా ముప్పు ఎక్కువ. అలాంటప్పుడు శస్త్రచికిత్స సూచిస్తారు. స్త్రీలలో చాలాకాలం గర్భనిరోధక మాత్రలు వాడటానికీ, పురుషులలో కండల కోసం స్టెరాయిడ్లు వాడటానికీ అడినోమాతో సంబంధం ఉంది. జిమ్‌లో ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్‌ను పేరు కూడా అడగకుండా వేయించుకునే అబ్బాయిలకు ఈ వాక్యం చదివి వినిపించండి.

మన ప్రాంతంలో పెద్ద దారి వేరే

మన దేశంలో కాలేయ క్యాన్సర్ అత్యధికంగా అడినోమా నుంచి రాదు. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మద్యం, కొవ్వు పట్టిన కాలేయం దాని ప్రధాన కారణాలు. హెపటైటిస్ బి వైరస్ తన డి.ఎన్.ఎ.ను మన క్రోమోజోములలో చొప్పిస్తుంది, తరచుగా టెర్ట్ జన్యువు పక్కనే. అందుకే సిర్రోసిస్ రాకుండానే క్యాన్సర్ రావచ్చు. ఈ వైరస్‌కు మన దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ టీకాను 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేసింది.

బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నలలో చేరే అఫ్లటాక్సిన్ మరో కారణం. అది టి.పి.53 జన్యువులో 249వ కోడాన్‌లో జి స్థానంలో టి ని పెడుతుంది. నేరస్థుడు వదిలిన వేలిముద్రలాంటి ఈ మార్పును 1991లో గుర్తించారు. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వేరుశనగలో ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో కొలిచే పరీక్షను రూపొందించారు.

ఆ విద్యార్థికి ఎం.ఆర్.ఐ. చేశారు. తేలింది హెమాంజియోమా. హెపటైటిస్ బి పరీక్ష మాత్రం అంతవరకు ఎవరూ చేయించలేదు. అది కూడా చేయించుకోమన్నాను.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఒక స్త్రీ కాలేయ కణితిలో కొన్ని కణాల్లో తల్లి నుంచి వచ్చిన ఎక్స్, మిగతా వాటిలో తండ్రి నుంచి వచ్చిన ఎక్స్ నిద్రాణంగా ఉన్నాయి. ఈ కణితి ఏ రకానిది కావచ్చు? ఎందుకు? ఐదు వాక్యాలలో రాయండి.