బ్యాంకు గోడల మధ్య ఉత్కంఠ: 'క్యాష్ ఆన్ డిమాండ్'

'క్యాష్ ఆన్ డిమాండ్' 1961లో బ్రిటన్‌లో తయారైన నలుపు తెలుపు నేరకథా చిత్రం. డ్రాకులా, ఫ్రాంకెన్‌స్టైన్ సినిమాలతో పేరుపడ్డ హ్యామర్ సంస్థ దీన్ని థేమ్స్ ఒడ్డున ఉన్న బ్రే స్టూడియోలో సుమారు 37 వేల పౌండ్లతో తీసింది. అప్పట్లో బ్రిటన్ సినిమా హాళ్లలో ఒకే టికెట్‌పై రెండు సినిమాలు చూపించేవారు. వాటిలో రెండోదిగా వేసే చిన్న సినిమాలు ఇలా తక్కువ డబ్బుతోనే తయారయ్యేవి. జాక్ గిల్లిస్ రాసిన 'ది గోల్డ్ ఇన్‌సైడ్' అనే టీవీ నాటకం దీనికి ఆధారం. దర్శకుడు క్వెంటిన్ లారెన్స్.

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, ఒక చిన్న ఊరి బ్యాంకులో కథ నడుస్తుంది. మేనేజరు ఫోర్డైస్‌కు లెక్కలు తప్ప మనుషులు కనిపించరు. చిన్న పొరపాటుకే, ఏళ్ల తరబడి పనిచేస్తున్న హెడ్ క్లర్క్ పియర్సన్‌ను ఉద్యోగం పోతుందని బెదిరిస్తాడు. అంతలో బీమా కంపెనీ అధికారినంటూ కల్నల్ గోర్ హెప్‌బర్న్ అనే మర్యాదస్తుడు గదిలోకి వస్తాడు. ఫోన్‌లో ఫోర్డైస్ భార్య ఏడుపు వినిపిస్తుంది. భార్యాబిడ్డలు ప్రాణాలతో ఉండాలంటే స్ట్రాంగ్ రూమ్‌లోని డబ్బు తన పెట్టెల్లోకి చేరాలని కల్నల్ తాపీగా చెబుతాడు.

ఆ తర్వాత ఉత్కంఠ అంతా మాటల్లోనూ ముఖాల్లోనూ ఉంటుంది. తుపాకుల మోత లేదు, కార్ల ఛేజింగ్ లేదు. బయట పనిచేస్తున్న ఉద్యోగులకు అనుమానం రాకుండా సొంత బ్యాంకును తానే దోచిపెట్టాల్సిన మేనేజరుగా పీటర్ కుషింగ్ నటన అద్భుతం. బిగుసుకుపోయిన పెదవులు, నుదుటి మీద చెమట, తాళాలు తిప్పుతూ వణికే చేతులు ఆ మనిషి గర్వం పొరలుపొరలుగా రాలిపోవడాన్ని చూపిస్తాయి. దొంగగా ఆండ్రే మోరెల్ చిరునవ్వు చెదరనివ్వడు. రెండేళ్ల ముందు ఇదే సంస్థ తీసిన 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్'లో వీరిద్దరూ షెర్లాక్ హోమ్స్, వాట్సన్‌లు. ఆ చనువు ఇక్కడ పిల్లీ ఎలుకా ఆటగా మారడం చూసి తీరాలి.

బెదిరింపు వెనుక ఉన్నది టేపులో రికార్డు చేసిన గొంతు మాత్రమేనని చివర్లో తెలుస్తుంది. ఈలోగా ఫోర్డైస్ తాను తీసిపారేసిన పియర్సన్‌నే సాయం కోసం బతిమాలాల్సి వస్తుంది. పిసినారి స్క్రూజ్ మనసు మారే డికెన్స్ క్రిస్మస్ కథ పోలిక ఇక్కడ స్పష్టం. దోపిడీ కథకు ఈ నైతిక పరీక్షే అసలు బలం.

అమెరికాలో 1961లోనే విడుదలైన ఈ చిత్రం, నిడివి కుదించుకుని 1963 డిసెంబరులో గానీ బ్రిటన్ ప్రేక్షకుల ముందుకు రాలేదు.