ఇటలీ విందు: డ్యూరం గోధుమకు, స్టేక్‌కు గ్రేడే ప్రధానం

ఇటలీలో ఇద్దరికి పాస్తా, స్టేక్ విందు చేయడానికి కావలసిన సరుకులు బహు కొద్ది: పాస్తా, ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఉప్పు, ఒక మాంసపు ముక్క. నాసిరకాన్ని కప్పిపుచ్చే మసాలా గాని, పులుసు గాని ఇందులో లేదు. ఈ సరుకులకు ధర పలికేటప్పుడు గ్రేడుకు అంత పట్టింపు ఉండడానికి ఇదొక కారణం.

ముందు వడ్డించేది పాస్తా. ఇద్దరికి 200 గ్రాములు చాలు. 2 లీటర్ల మరిగే నీటిలో 20 గ్రాముల ఉప్పు వేసి ఉడికిస్తారు. ఇంకా కాస్త పలుకు ఉండగానే తీసి, వెల్లుల్లి, మిర్చి సన్నసెగపై కాగిన నూనెలో కలుపుతారు. ఉడికిన నీరు ఒక గరిటెడు పోస్తే అందులోని గంజి నూనెను పట్టి ఉంచుతుంది.

పలుకు నిలవాలంటే డ్యూరం గోధుమ రవ్వ కావాలి. ఈ గింజ గట్టిది, తేనెరంగుది. విరిస్తే లోపల గాజువలె మెరుస్తుంది. రొట్టెల గోధుమతో చేసిన పాస్తా త్వరగా మెత్తబడి జిగురవుతుంది. ఇటలీలో తయారై అమ్ముడయ్యే ఎండు పాస్తాను డ్యూరంతోనే చేయాలని 1967లో చట్టమైంది. దిగుమతి పాస్తాకు ఈ నిర్బంధం చెల్లదని 1988లో యూరోపియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2001 ఉత్తర్వు ప్రకారం దేశీయ సరుకులో మెత్త గోధుమ 3 శాతం మించరాదు.

మిల్లర్లు మాంసకృత్తుల శాతం, గాజు గింజల శాతం, హెక్టోలీటరు బరువు చూసి ధర కడతారు. కోతల వేళ వాన పడితే గింజ తెల్లబారి గ్రేడు దిగిపోతుంది. ఫోజా జిల్లా, సిసిలీ పంట చాలక ఇటలీ కెనడా నుండి కూడా డ్యూరం తెప్పించుకుంటుంది. 2021లో అనావృష్టి వల్ల కెనడా డ్యూరం పంట సగానికి పైగా పడిపోగా ఇటలీ బజారు తేజీ పట్టింది. మన దేశంలో డ్యూరంకు మధ్యప్రదేశ్‌లోని మాల్వా పేరొందినది. 2022 మే 13న కేంద్రం విధించిన గోధుమ ఎగుమతి నిషేధంలో డ్యూరం కూడా చేరింది.

నూనెలోనూ తరతమాలున్నాయి. ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ అనిపించుకోవాలంటే ఆమ్లత 0.8 శాతం మించరాదు. రుచి పరీక్షలో దోషం కనబడరాదు.

తరువాత వచ్చేది స్టేక్. ఫ్లోరెన్సు పద్ధతిలో గొడ్డు నడుము భాగాన్ని ఎముకతో సహా మూడు, నాలుగు వేళ్ల మందాన కోస్తారు. కిలో, కిలోన్నర తూగే ఈ ముక్క ఇద్దరికి సరిపోతుంది. టస్కనీలోని తెల్లని కియానీనా జాతి పశువులకు దీనిలో పేరు. మాంసాన్ని కనీసం రెండు వారాలు చల్లనిచోట మాగనిస్తారు. ఆ కాలంలో తేమ ఆరి తగ్గే తూకం, కొనేవాడు మోసే ఎముక బరువు ధరలో కలిసే ఉంటాయి. నిప్పులపై ఒక్కొక్క ప్రక్క అయిదు నిమిషాలు కాల్చి, ఎముకపై కొద్దిసేపు నిలబెట్టి, చివర ఉప్పు చల్లుతారు. లోపల ఎర్రగానే ఉండాలి.

మ్యాడ్ కౌ వ్యాధి భయంతో 2001లో ఏడాది దాటిన పశువుల వెన్నెముకతో కూడిన మాంసాన్ని నిషేధించగా ఈ ముక్క బజారు నుండి తప్పుకున్నది. 2006 జనవరిలో తిరిగి వచ్చింది. ఎముక తీసిన మాంసం దొరికినా దానిని ఫ్లోరెన్సు స్టేక్‌గా ఎంచలేదు.

డ్యూరంకు కూడా బదులు సరుకు లేదు. మామూలు గోధుమ నిలువలు ఎంత ఉన్నా దీని కొరత తీరదు. కనుక ఈ వ్యాపారం చేసేవారు మామూలు గోధుమ ధరను మాత్రమే నమ్ముకోక, ఇటలీలో జూన్ కోతల వానలను, కెనడాలో జూన్, జూలై వర్షపాతాన్ని గమనిస్తూ ఉండవలసి ఉన్నది.