స్తనవృద్ధి శస్త్రచికిత్స తరువాతి మచ్చలు: పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: స్తనవృద్ధి శస్త్రచికిత్స తరువాత శరీరంలో రెండు మచ్చలు ఏర్పడతాయి. ఒకటి చర్మంపై కనిపించేది, రెండవది లోపల అమర్చిన సిలికోన్ సంచి చుట్టూ ఏర్పడి కంటికి కనిపించనిది. ఈ రెండూ ఏర్పడే తీరునూ, పెద్ద ఆసుపత్రులకు దూరంగా ఉన్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల వారికి దీర్ఘకాల పర్యవేక్షణ ఎందుకు ముఖ్యమో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: స్తనవృద్ధి, గాయపు మచ్చ, కీలాయిడ్, తంతుకోశం, సిలికోన్, పశ్చిమ ప్రకాశం.

1. ప్రవేశిక

సిలికోన్ జెల్ నింపిన సంచులతో తొలి స్తనవృద్ధి శస్త్రచికిత్స 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో జరిగింది. క్రోనిన్, గెరో అనే వైద్యులు దానిని నిర్వహించారు. నేడు ఈ చికిత్స సౌందర్యం కోసమే కాక, క్యాన్సర్ వల్ల స్తనం తొలగించిన తరువాత పునర్నిర్మాణంలో భాగంగానూ జరుగుతున్నది. ప్రయోజనం ఏదైనా, కోత పడినచోట మచ్చ తప్పదు. మచ్చ మిగలకుండా శస్త్రచికిత్స చేస్తామనే ప్రకటన శాస్త్రసమ్మతం కాదు. మచ్చను సన్నగా, మరుగున ఉండేటట్లు చేయడమే వైద్యునికి సాధ్యమైన పని.

2. గాయం మానే క్రమం

కోత పడిన తొలి రోజులలో రక్తం గడ్డకట్టి, వాపు వస్తుంది. ఆపై కొన్ని వారాలపాటు తంతుకణాలు కొల్లాజెన్ అనే మాంసకృత్తును విస్తారంగా తయారుచేస్తాయి. అందువల్లనే ఈ దశలో మచ్చ ఎర్రగా, గట్టిగా, దురదగా ఉంటుంది. తరువాత ఆ కొల్లాజెన్ పునర్వ్యవస్థీకరణ చెంది మచ్చ క్రమంగా చదునై, రంగు తగ్గుతుంది. దీనికి సంవత్సరం, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. పూర్తిగా మానిన మచ్చకు సైతం మామూలు చర్మబలంలో దాదాపు 80 శాతమే లభిస్తుంది. కాబట్టి రెండవ నెలలో మచ్చను చూసి చికిత్స విఫలమైందని తీర్మానించడం తొందరపాటు అవుతుంది.

3. చర్మంపై మచ్చ

కోతను సాధారణంగా స్తనం కింది మడతలో గాని, చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయపు అంచున గాని, చంకలో గాని పెడతారు. ఉబ్బిన మచ్చలు రెండు విధాలు. మొదటిది గాయపు హద్దులలోనే ఉబ్బి, కాలక్రమంలో కొంత తగ్గుతుంది. రెండవది కీలాయిడ్. ఇది హద్దు దాటి చుట్టూ ఉన్న చర్మంలోకి పెరుగుతుంది, తనంతట తాను తగ్గదు, కేవలం కోసి తీసివేస్తే తరచుగా తిరిగి వస్తుంది. ఛాయ ఎక్కువగా ఉన్న చర్మంలో కీలాయిడ్లు అధికం. రొమ్ము ఎముకపై చర్మం, భుజాలు, చెవితమ్మెలు వాటికి అనువైన స్థానాలు. చెవులు కుట్టించుకున్నప్పుడు గడ్డలా పెరిగిన అనుభవం తనకు గాని, రక్తసంబంధీకులకు గాని ఉంటే శస్త్రచికిత్సకు ముందే వైద్యునికి తెలపాలి.

గాయం పూర్తిగా మూసుకున్న తరువాత సిలికోన్ పట్టీని రోజుకు 12 గంటలు లేదా అంతకు మించి, కొన్ని నెలలపాటు వాడడం మేలు చేస్తుంది. ఉబ్బిన మచ్చలోకి ట్రయామ్సినలోన్ సూదిమందును వారాల వ్యవధితో ఇస్తారు. అయితే లోపల సంచి ఉన్నందున సూది దానికి తగలకుండా అనుభవజ్ఞుడే ఈ పని చేయాలి. ఊరిలోని ఆర్ఎంపీ చేత చేయించుకోవడం ప్రమాదకరం.

4. లోపలి మచ్చ

శరీరం తాను కరిగించుకోలేని పరాయి వస్తువు చుట్టూ తంతుపొరను అల్లుతుంది. సంచి చుట్టూ ఏర్పడే ఈ తంతుకోశం సహజమైనదే. అది బిగుసుకుపోయినప్పుడు మాత్రమే సమస్య. దీనిని బేకర్ వర్గీకరణ నాలుగు స్థాయిలుగా గుర్తిస్తుంది: మొదటి స్థాయిలో స్తనం మెత్తగా ఉంటుంది, రెండవదానిలో కొద్దిగా గట్టిపడుతుంది, మూడవదానిలో ఆకారం మారుతుంది, నాలుగవదానిలో నొప్పి తోడవుతుంది. లోపల రక్తం నిలవడం, స్వల్ప సూక్ష్మజీవి సంక్రమణ దీనికి దోహదం చేస్తాయి.

మార్కాపురం పాఠకులకు ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. పలకల దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులలో మచ్చలు కలిగించి సిలికోసిస్ వ్యాధికి దారితీస్తుంది. సిలికోన్ సిలికా కాదు. సిలికా స్ఫటికరూప ఖనిజం, సిలికోన్ కృత్రిమ బహ్వణుకం. రెండు సందర్భాలలోనూ పరాయి పదార్థానికి శరీరం తంతువులతోనే బదులిస్తుంది గాని, వ్యాధులు వేరు.

అరుదుగా ఈ కోశంలో ఒక రకపు లింఫోమా పుడుతుంది. గరుకు ఉపరితలం గల సంచులతో దీనికి ఎక్కువ సంబంధం ఉన్నందున 2019లో అలెర్గాన్ సంస్థ అటువంటి ఉత్పత్తులను వెనక్కి తీసుకుంది. కోశంలో పొలుసుకణ క్యాన్సర్ కూడా కనిపించిందని 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఏళ్ల తరువాత ఒక స్తనం హఠాత్తుగా వాచడం, కొత్త గడ్డ, నొప్పి ఉపేక్షించరాని లక్షణాలు.

5. పశ్చిమ ప్రకాశంలో పర్యవేక్షణ

గుంటూరు–నంద్యాల రైలుమార్గంలో ఉన్న మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు ప్రాంతాల వారు ఇటువంటి చికిత్సకు గుంటూరు, కర్నూలు, హైదరాబాదు వంటి నగరాలకు వెళ్లవలసి ఉంటుంది. శస్త్రచికిత్స ఒక్క రోజులో ముగుస్తుంది, మచ్చ పరిణామం ఏడాది సాగుతుంది, కోశం జీవితాంతం ఉంటుంది. అందుచేత కుట్లు తీసిన తరువాతి సందర్శనల ప్రయాణాన్నీ ఖర్చునూ ముందే లెక్కించుకోవాలి. సంచి తయారీదారు, పరిమాణం, ఉపరితలం, క్రమసంఖ్య ఉన్న కార్డును భద్రపరచాలి. సిలికోన్ జెల్ సంచులకు తొలి స్కానింగ్ 5–6 ఏళ్లకు, ఆపై 2–3 ఏళ్లకొకసారి అవసరమని అమెరికా నియంత్రణ సంస్థ సూచిస్తున్నది. స్థానిక వైద్యుని వద్ద మరో సమస్యకు వెళ్లినా సంచి ఉన్న సంగతి దాచకూడదు. స్తనం గురించి మాట్లాడడానికి కలిగే బిడియమే ఆలస్యానికి కారణం కాగలదు.

6. ముగింపు

మచ్చ వైద్యుని లోపానికి నిదర్శనం కాదు, శరీరం తనను తాను మరమ్మతు చేసుకున్న గుర్తు. అయితే అది హద్దు దాటినప్పుడు, బిగుసుకున్నప్పుడు గుర్తించడానికి జ్ఞానమూ, వైద్యుని చేరే మార్గమూ కావాలి. శస్త్రచికిత్సకు ఇచ్చే సమ్మతి ఆ ఒక్క రోజుకే పరిమితం కాదు. దాని తరువాతి సంవత్సరాల గురించి కూడా తెలిసి ఇచ్చినప్పుడే అది నిజమైన సమ్మతి అవుతుంది.