ఒక ఏటీసీ కేంద్రానికి విజ్ఞాన సర్వస్వంలో వ్యాసం ఉండాలా?

ఈ ఎపిసోడ్‌లో కొంచెం చిన్నగా కనిపించే ప్రశ్న ఒకటి తీసుకుందాం. వికీపీడియా లాంటి విజ్ఞాన సర్వస్వంలో ఒక ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ కేంద్రం గురించి ప్రత్యేక వ్యాసం ఉండాలా, వద్దా? దీన్ని ఎలా తేల్చాలి?

ముందు ఏ కేంద్రం గురించి మాట్లాడుతున్నామో చెప్తాను. ఏటీసీ అనగానే మనకి విమానాశ్రయంలో ఉండే అద్దాల టవర్ గుర్తొస్తుంది. కానీ టవర్ చూసేది రన్‌వేనీ, దాని చుట్టుపక్కల కొద్ది దూరాన్నీ మాత్రమే. 35,000 అడుగుల ఎత్తులో వెళ్తున్న విమానంతో మాట్లాడేది ఏరియా కంట్రోల్ కేంద్రం. అది విమానాశ్రయంలోనే ఉండాలని లేదు, అందులోంచి విమానాలు కనపడాల్సిన పని కూడా లేదు. రాడార్ తెరలు, రేడియో, ఫోన్లు, వాటి ముందు కూర్చున్న మనుషులు, అంతే.

రోజూ వేలమంది ప్రాణాలు దాని మీద ఆధారపడి ఉంటాయి కదా, వ్యాసం ఎందుకు ఉండకూడదు అని అడుగుతారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒకసారి ఇలాంటి ఒక కేంద్రం వ్యాసం తొలగింపు చర్చకి వస్తే, "ఇంత పెద్ద కేంద్రం, ఉంచాల్సిందే" అని రాశాను. ఒకాయన మర్యాదగా, "మూలాలు చూపించండి" అన్నారు. వెతికాను. దొరికిందంతా దాన్ని నడిపే సంస్థ రాసుకున్నదే: పరిధి మ్యాపు, సెక్టార్ల జాబితా, ఫ్రీక్వెన్సీలు. ఇక నా దగ్గర సమాధానం లేదు.

వికీపీడియాలో దీన్ని "విషయ ప్రాముఖ్యత" అంటారు. పేరు కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. అది ఎంత ముఖ్యమో, ఎంత పెద్దదో కొలిచేది కాదు. ఆ విషయంతో సంబంధం లేని, నమ్మదగిన మూలాలు దాని గురించి వివరంగా రాశాయా అన్నదే ప్రశ్న. "సంబంధం లేని" అన్న మాట ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణతో చూద్దాం.

2002 జులై 1 రాత్రి జర్మనీలోని ఉబర్లింగెన్ మీద రెండు విమానాలు గాల్లో ఢీకొన్నాయి. 71 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది పిల్లలు. జర్మనీ భూభాగమే అయినా, ఆ గగనతలాన్ని చూస్తున్నది స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ కేంద్రం. జర్మనీ ప్రమాద దర్యాప్తు సంస్థ నివేదిక 2004లో వచ్చింది. అందులో ఆ గది లోపలి సంగతులన్నీ ఉన్నాయి. రెండు పనిస్థానాలను ఒక్క కంట్రోలరే చూసుకుంటున్నాడు, రెండోవారు విశ్రాంతికి వెళ్లారు. మెయింటెనెన్స్ పని వల్ల తెరమీద ముందస్తు హెచ్చరిక రావడం లేదు, ఫోన్ లైన్లు సరిగా లేవు. రాత్రిపూట ఒక్కరే పనిచేసే పద్ధతిని యాజమాన్యం ఏళ్ల తరబడి చూసీ చూడనట్టు వదిలేసిందని కూడా నివేదిక చెప్పింది.

ఇప్పుడు ఆలోచించండి. జ్యూరిక్ కేంద్రం మీద వ్యాసాన్ని ఆ సంస్థ సొంత పేజీల నుంచే రాస్తే, ఈ చివరి వాక్యం అందులోకి వస్తుందా? బయటివాళ్లు రాసిన మూలాలు కావాలనే నియమం చాదస్తం కాదు. చదివేవాడికి అదే రక్షణ.

కానీ ఇంకో చిక్కు ఉంది. ప్రమాదానికి వ్యాసం ఉండాలంటే సందేహం లేదు. మరి కేంద్రానికి? ఆ ఒక్క రాత్రి గురించి తప్ప దాని మీద ఇంకేమీ దొరకకపోతే, ప్రమాదం వ్యాసంలోనే ఒక విభాగంగా రాస్తే సరిపోతుంది. ఒక పెద్ద సంఘటనకి ఉన్న ప్రాముఖ్యత దానితో సంబంధం ఉన్న ప్రతిదానికీ వారసత్వంగా రాదు. 1981 ఆగస్టులో అమెరికా కంట్రోలర్లు సమ్మె చేస్తే, అధ్యక్షుడు రీగన్ 11,000 మందికి పైగా ఉద్యోగాల్లోంచి తీసేశారు. అది చరిత్రే. అంతమాత్రాన ఆ సమ్మెలో ఉన్న ప్రతి కేంద్రానికీ వేరే వ్యాసం అక్కర్లేదు.

షికాగో కేంద్రాన్ని చూడండి. ఇది అరోరా అనే ఊళ్లో ఉంది. 2014 సెప్టెంబర్ 26న ఒక కాంట్రాక్ట్ ఉద్యోగి అక్కడి కమ్యూనికేషన్ పరికరాలకు నిప్పు పెట్టాడు. ఆ ఒక్క రోజే సుమారు 2,000 విమానాలు రద్దయ్యాయి. పూర్తిగా కోలుకునేసరికి అక్టోబర్ 13 వచ్చింది. ఇదీ ఒక్క సంఘటనే. కానీ పత్రికలు మంటలతో ఆగిపోలేదు. చుట్టుపక్కల కేంద్రాలు దాని పనిని ఎలా పంచుకున్నాయి, ప్రత్యామ్నాయ ఏర్పాట్లు ఎందుకు చాల్లేదు అని కేంద్రం పని గురించే రాశాయి. కాబట్టి నేనైతే దీన్ని ఉంచమంటాను.

వ్యాసం కావాలంటే ప్రమాదమే జరగాలా? అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ కేంద్రం 1972 నుంచి పనిచేస్తోంది. బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, వాయవ్య జర్మనీల మీద 24,500 అడుగులకు పైన ఉన్న గగనతలం దాని చేతిలో ఉంది. నాలుగు దేశాలు తమ ఆకాశాన్ని ఒకే గదికి అప్పగించడం మామూలు విషయం కాదు. బయటివాళ్లు రాయడానికి అక్కడ కావలసినంత ఉంది.

మన సంగతికొద్దాం. భారత గగనతలం ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై అని నాలుగు ప్రధాన భాగాలు. హైదరాబాద్ చెన్నై పరిధిలోకి వస్తుంది. చెన్నై కేంద్రం గురించి తెలుగు వికీపీడియాలో ఎవరైనా రాయాలనుకుంటే నా సలహా ఇది. ముందు చెన్నై విమానాశ్రయం వ్యాసంలో ఒక విభాగం రాయండి. మూలాలు తెలుగులోనే ఉండక్కర్లేదు, ఏ భాషవైనా పనికొస్తాయి. విభాగం పెరిగి, స్వతంత్ర మూలాలు మూడో నాలుగో పోగయ్యాక విడదీయండి. రెండు వాక్యాల మొలకగా ఏళ్ల తరబడి పడి ఉండటం కంటే అదే మేలు.

అలాగే, తొలగించమని అడిగేవాళ్లు కూడా ముందు తామే వెతకాలి. స్థానిక పత్రికలు, దర్యాప్తు నివేదికలు, పుస్తకాలు చూడాలి. వ్యాసంలో మూలం లేదంటే ప్రపంచంలోనే లేదని కాదు. చర్చ సాధారణంగా వారం రోజులు ఉంటుంది. అక్కడ ఓట్లు లెక్కపెట్టరు, వాదనలు చూస్తారు. ఉంచడం, తీసెయ్యడం రెండే దారులు కూడా కాదు. విలీనం ఉంది, దారిమార్పు ఉంది. పేరు వెతికినవాడు సరైన చోటికి చేరితే చాలు.

నేను ఆ చర్చలో చివరికి నా మాట మార్చుకుని "విలీనం" అని రాశాను. అందులో పనిచేసేవాళ్లని తక్కువ చేసినట్టు మొదట అనిపించింది. కానీ వాళ్ల పని గొప్పదా కాదా అని తేల్చడం మన పని కాదు. దాని గురించి మనం నిజాయితీగా ఎంత రాయగలం అన్నదే మన చేతిలో ఉంది.

మీరు ఇలాంటి చర్చలో ఉంటే ఏ వైపు ఉంటారో ఆలోచించండి.