కొలువు నడుగబోయినచోట మన మడుగవలసినవి

మా యక్కగారి కుమార్తె బి.యెడ్. ముగించి యొక ప్రయివేటు పాఠశాలకు ఇంటర్వ్యూకు పోయెను. తుదను వారు "మీ రేమైన నడుగుదురా?" యనగా, "ఏమియు లేదండీ" యని లేచివచ్చినది. అడిగినచో పొగరనుకొందురని యామె భయము. మేమును నాడు "మంచిపని చేసితివమ్మా" యంటిమి. ఆ మాటకు నేటికిని చింతించుచున్నాము. చేరిననాడే వా రామె అసలు సర్టిఫికెట్లను పుచ్చుకొని బీరువాలో పెట్టిరి. వేసవి జీతము లేదని యేప్రిలు చివరకుగాని తెలియలేదు. వేఱొకచోట మంచిపని దొరికినను, సర్టిఫికెట్లు సకాలమున చేతికి రాక యదియు జాఱిపోయెను.

సోదరీమణులారా, కొలువు నడుగబోయిన స్త్రీ తన మాట తాను ముందు చెప్పుకొనుట నేటి వింత కాదు. సైరంధ్రిగా కుదురబోయిన ద్రౌపది తా నెంగిలి ముట్టననియు, ఒకరి పాదములు కడుగననియు సుదేష్ణకు ముందే తెలిపెను. రాణి యొప్పుకొనెను. ఆ రాణియే పిదప మద్యము తెమ్మని యామెను కీచకుని యింటికి బంపెను. పరాభవము పొంది సభలో మొఱపెట్టుకొన్నను విరాటుడు కీచకుని దండింపలేదు. ద్రౌపది నిబంధనలలో లోపము లేదు. మొఱ వినువారే యచ్చట లేకపోయిరి.

కావున నా ప్రశ్న మఱువరాదు. పదిమందియు నంతకెక్కువయు పనివారున్న ప్రతిచోటను, స్త్రీలపై జరుగు లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినుటకు అంతర్గత సంఘ ముండవలెనని 2013 నాటి చట్టము. దాని కధ్యక్షత వహించునది స్త్రీయే. సభ్యులలో సగమునకు తక్కువ గాకుండ స్త్రీలుండవలెను. "మీ సంఘములో నెవ రున్నారండీ?" యనుట మర్యాదకు లోపము గాదు. వెంటనే పేర్లు చెప్పిరా, సంతోషము. ఒకరి మొగ మొకరు చూచుకొనిరా, అదియు జవాబే.

ఇంతకుముం దీ పనిలో నెవరుండిరి, ఏల వెడలిరి యనునది మాకు మిక్కిలి నచ్చిన ప్రశ్న. పాఠము చెప్పుట గాక యింకేమి చేయింతురో కూడ అడుగవలెను. వేసవిలో నింటింటికి తిరిగి పిల్లలను చేర్పించు పని ప్రకటనలో కానరాదు గదా!

జీతమున కోతలు పోగా చేతికి వచ్చు మొత్తమును, వేసవి జీతమును నియామకపత్రమున వ్రాయించుకొనవలెను. ప్రసూతి సెలవు మొదటి యిద్దఱు బిడ్డలకు 2017 సవరణచే 12 వారములనుండి 26 వారములైనది. దానిని గూర్చి యడిగినచో పనియే యీయరని, బడిపంతులైన మావారి వాదము. మాకది పూర్తిగా సమ్మతము గాదు. పని నిచ్చెదమని వారనిన పిమ్మట, సంతకమునకు ముం దడిగిన సరి.

వచ్చు సోమవారము మా పిల్ల వేఱొక పాఠశాలకు పోవుచున్నది. చీటీపై ప్రశ్నలు వ్రాసికొని మాకు చూపినది. మొదటి పంక్తి యిది: "అసలు సర్టిఫికెట్లు చూచి, వెంటనే తిరిగి యిత్తురా?"