అరిగిన అయిదు జతల బూట్లు

బాల్టిమోర్ రేవును ఆనుకుని ఫెల్స్ పాయింట్ అని ఓ పాత పేట. రాళ్లు పరిచిన వీధులు, నడుమ సందన్నదే లేకుండా గోడకు గోడ ఆనించి కట్టిన ఇటుక ఇళ్లు, మూలకో బారు. 1960ల చివర్లో అక్కడ జరిగిన ఓ సభలో నాలుగడుగుల పదకొండంగుళాల మనిషి ఒకామె బల్లెక్కి నిలబడింది. నేల మీద నిలబడితే వెనక వరసకు కనిపించదు మరి! ఈ పేటను మింగడం బ్రిటిష్ వాళ్ల వల్ల కాలేదు, చెదపురుగుల వల్ల కాలేదు, ఇక రోడ్ల శాఖ వల్ల ఏమవుతుందని గొంతెత్తింది.

ఆ మాట అక్కడివాళ్లకు సూటిగా తగలడానికి కారణముంది. 1812లో మొదలైన యుద్ధంలో బ్రిటిష్ సరుకు ఓడలను వెంటాడి పట్టుకున్న వేగపు నౌకలు ఎన్నో ఈ పేటలోనే తయారయ్యాయి. 1814లో బ్రిటిష్ నౌకాదళం బాల్టిమోర్ మీదికి వచ్చి, వచ్చిన దారినే వెనక్కి పోయింది. అలాంటి పేటకు నూటయాభై ఏళ్ల తర్వాత సొంత సర్కారు నుంచే గండం పుట్టింది.

బల్లెక్కిన మనిషి పేరు బార్బరా మికుల్‌స్కీ. ఉద్యోగం సోషల్ వర్కర్. 1971లో ఆమె సిటీ కౌన్సిల్‌కు పోటీ చేసినప్పుడు వెనక ఏ గాడ్‌ఫాదరూ లేడు.

కొట్టు మీద కూర్చున్న పిల్ల

1936లో పుట్టింది. పోలండ్ నుంచి వలస వచ్చిన కుటుంబం. అమ్మ క్రిస్టీన్, నాన్న విలియం తూర్పు బాల్టిమోర్‌లో కిరాణా కొట్టు నడిపేవారు. బామ్మది బేకరీ. ఉక్కు కార్మికులు పొద్దుటి షిఫ్టుకు వెళ్తూ మధ్యాహ్నం తిండి కొనుక్కోవడానికి వీలుగా నాన్న పెందలాడే కొట్టు తెరిచేవాడని ఆమె తరచూ గుర్తుచేసుకునేది. కిరాణా కొట్లో పెరిగిన పిల్లలకు ఒక విద్య అడక్కుండానే అబ్బుతుంది. ఏ ఇంట్లో ఎందరు, ఎవరికి జీతం ఏ రోజు, ఎవరి ఖాతా ఉన్నట్టుండి ఎందుకు పెరుగుతోంది... ఇవన్నీ మన ఊళ్లలోనూ వార్డు మెంబరుకన్నా కొట్టాయనకే ముందు తెలుస్తాయి.

1965లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ మాస్టర్స్ పూర్తిచేసింది. క్యాథలిక్ ఛారిటీస్‌లోనూ, నగర సంక్షేమ శాఖలోనూ పనిచేసింది. ఇంట్లో దిక్కు సరిగా లేని పిల్లల్ని చూసుకోవడం, కొత్తగా వచ్చిన సర్కారీ ఆరోగ్య బీమా మెడికేర్ ఏమిటో ముసలివాళ్లకు విడమరిచి చెప్పడం ఆమె పని. అంటే ఇల్లిల్లూ తిరగడం, వినడం, రాసుకోవడం, మళ్లీ వెళ్లడం.

గీత పడ్డ ఇళ్లు

'ఇల్లు రోడ్డులో పోతోంది' అంటే మన పట్టణాల్లో ఎవరికీ వివరించక్కర్లేదు. గోడ మీద ఎర్ర గీత పడ్డాక ఆ ఇంటికి సున్నం వెయ్యరు, కొనేవాడు రాడు, బ్యాంకు అప్పివ్వదు. బాల్టిమోర్‌లోనూ అదే జరిగింది. 1956 చట్టం ప్రకారం అంతర్రాష్ట్ర రహదారుల ఖర్చులో డాలరుకు 90 సెంట్లు వాషింగ్టనే భరిస్తుంది. అంత ఉదారంగా ఇస్తానంటే వద్దనే నగరం ఏదీ? పడమటి నుంచి వచ్చే ఐ-70నీ, ఉత్తరం నుంచి వచ్చే ఐ-83నీ, తీరం వెంబడి సాగే ఐ-95నీ ఊరి నడిమధ్య ముడివెయ్యాలన్నారు. తూర్పున ఆ ముడి ఫెల్స్ పాయింట్, క్యాంటన్ పేటల మీదుగా పోవాలి. పదహారు లేన్ల వెడల్పున! ఇళ్ల స్వాధీనం మొదలైంది. రోడ్డు రాకముందే వీధులకు జబ్బు పట్టుకుంది.

ఆ పేటల్లో ఇళ్ల ముందు తెల్ల చలవరాతి మెట్లుంటాయి. వాటిని రుద్ది రుద్ది కడుక్కోవడం అక్కడి ఆడవాళ్లకు మన కళ్లాపి, ముగ్గులాంటిది. పడగొట్టబోయే ఇంటి మెట్లు కడగాలా, మానాలా? ఉద్యమం పుట్టింది ఇలాంటి ప్రశ్నల్లోంచే తప్ప సిద్ధాంతాల్లోంచి కాదని నా అనుమానం.

మికుల్‌స్కీ, ఇరుగుపొరుగు కలిసి 'సౌత్ ఈస్ట్ కౌన్సిల్ ఎగెనెస్ట్ ద రోడ్' పెట్టారు. పొడి అక్షరాలు కలిపితే 'స్కార్', అంటే గాయం మానినా మిగిలే మచ్చ. నగరం మొత్తానికి 'మూవ్‌మెంట్ ఎగెనెస్ట్ డిస్ట్రక్షన్' అని ఇంకో కూటమి. దాని పొట్టిపేరు 'మ్యాడ్'. పేర్లు పెట్టడంలో వీళ్లకు సరదా ఎక్కువే. కానీ మ్యాడ్ సమావేశాల్లో తెల్లవాళ్లు, నల్లవాళ్లు పక్కపక్కన కూర్చున్నారు. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత అల్లర్లతో తగలబడిన ఊళ్లో అది చిన్న సంగతి కాదు. 1970లో ఓ ప్రసంగంలో మికుల్‌స్కీ జనంలో రగులుతున్న కోపాలన్నిటినీ ఒక్క పోలికతో పట్టుకుంది. అమెరికా అందర్నీ కరిగించి ఒక్కటి చేసే మూస అంటారు కదా, కాదు, అది సలసల కాగుతున్న గంగాళం అంది.

బీ-ఫారం ఎవరిస్తారు?

ఉద్యమాలు నడిపినవాళ్లు ఎన్నికల్లో నిలబడితే ఏమవుతుందో మనం చూస్తూనే ఉన్నాం. చప్పట్లు ఒకరికి, ఓట్లు ఇంకొకరికి. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో 150 డివిజన్లుంటే స్వతంత్రులకు ఒక్కటంటే ఒక్కటీ దక్కలేదు. బీ-ఫారం లేనివాణ్ని మంచోడంటారు, అంతటితో సరి.

మికుల్‌స్కీ డెమోక్రాట్‌గానే నిలబడింది. అయితే అక్కడ బీ-ఫారం చేతిలో పెట్టే అధిష్ఠానం ఉండదు. అభ్యర్థి ఎవరో ప్రైమరీలో ఆ పార్టీ ఓటర్లే తేలుస్తారు. బాల్టిమోర్ డెమోక్రాట్ల కంచుకోట కాబట్టి ప్రైమరీ దాటితే నవంబరు ఎన్నిక లాంఛనమే. కష్టమంతా ప్రైమరీ దాటడంలోనే. ఆ రోజుల్లో పేటకో పెద్దమనిషి, పెద్దమనిషికో రాజకీయ క్లబ్బు. ఉద్యోగం కావాలన్నా, ఇంకేదైనా పని జరగాలన్నా ఆ గడప తొక్కాల్సిందే. పోలింగ్ రోజు కార్యకర్తల చేతుల్లో పెట్టే సొమ్ముకు 'వాకింగ్ అరౌండ్ మనీ' అని ముద్దుపేరు కూడా ఉండేది. ఈ విషయంలో మనవాళ్లు మరీ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

కార్మికుల పేటలో ఆడమనిషి గెలవదని, పెద్దల మాట వినని ఆడమనిషైతే అసలే గెలవదని ఆ పెద్దలు తేల్చేశారు. ఆమె వాళ్లతో వాదన పెట్టుకోలేదు. తనకొచ్చిన పనే చేసింది. 15,000 తలుపులు తట్టానని, అయిదు జతల బూట్లు అరిగాయని, 14 చివావా కుక్కలు మీద పడ్డాయని తర్వాత లెక్క చెప్పేది. చివావా అంటే చంకలో పట్టేంత బొమ్మకుక్క. మూడో అంకెను అందరూ నవ్వుతూనే వినేవారు. నాకు మాత్రం రెండోదే ముఖ్యం.

ఎందుకంటే అభ్యర్థి తలుపు తట్టడం వేరు, సోషల్ వర్కర్ తలుపు తట్టడం వేరు. అభ్యర్థి దండం పెట్టి, కరపత్రం చేతిలో పెట్టి, పక్కింటికి నడుస్తాడు. సోషల్ వర్కర్ కూర్చోమంటే కూర్చుంటుంది. పెద్దాయన మందులు వేసుకుంటున్నాడా, పిల్లాడు బడివేళ ఇంట్లో ఎందుకున్నాడు అని చూడటం ఆమెకు అలవాటైపోయిన చూపు. పార్టీ క్లబ్బులకు మికుల్‌స్కీ ఎక్కడి నుంచో ఊడిపడ్డ మనిషి. వీధిలో మాత్రం కొట్టు విలియం గారమ్మాయి.

గెలిచింది. అదే ఏడాది మేయరుగా గెలిచిన విలియం డొనాల్డ్ షేఫర్ రహదారికి గట్టి మద్దతుదారు. అయినా ఆ రోడ్డు పేటల మీదికి రాలేదు. దాన్ని ఆమె ఒక్కతే ఆపిందంటే అతిశయోక్తి. ఫెల్స్ పాయింట్ 1969లోనే జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. కోర్టు కేసులు ఏళ్లకేళ్లు సాగాయి. ఈలోగా ఖర్చు పెరిగిపోయింది. చివరికి ఐ-95 పేటల జోలికి రాకుండా, ఫోర్ట్ మెక్‌హెన్రీ పక్కన నీటి అడుగు సొరంగంలోంచి వెళ్లింది. అది 1985లో తెరుచుకుంది.

పడమటి గుంత

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. కానీ ఊరికి పడమటి వైపు కూడా ఉంది. అక్కడ ఫ్రాంక్లిన్, మల్బరీ వీధుల నడుమ నల్లవాళ్ల ఇళ్లు 971, దుకాణాలు 62, ఒక బడి నేలమట్టమయ్యాయి. ఉద్యమం బలపడేలోపే ఆ జనం చెల్లాచెదురైపోయారు. 1970లలో అక్కడ రోడ్డు వేశారు కూడా. రెండు కిలోమీటర్ల పైచిలుకు సాగి ఆగిపోయే ఓ లోతైన గుంత అది. ఊళ్లోవాళ్లు దానికి 'ఎక్కడికీ పోని రహదారి' అని పేరు పెట్టారు. ఆ పక్కనే రోజ్‌మాంట్ అనే నల్లవాళ్ల పేట మాత్రం పోరాడి బయటపడింది. అందుకే అంతా రంగు తేడాయే అని ఒక్క మాటలో కొట్టేయలేం. కానీ తూర్పు గెలుపును చెప్పుకునేటప్పుడు పడమటి గుంతను దాచడం న్యాయం కాదు.

మికుల్‌స్కీ మిగతా ప్రయాణం క్లుప్తంగా ఇదీ. 1974లో సెనేట్‌కు పోటీచేసి ఓడింది, 1976లో ప్రతినిధుల సభకు, 1986లో సెనేట్‌కు గెలిచింది, 2017 జనవరిలో దిగిపోయింది. హబుల్ టెలిస్కోపు కోసం ఆమె చేసిన పోరాటానికి గుర్తుగా దాని సమాచార భాండాగారానికే ఆమె పేరు పెట్టారు. నాకు ఎక్కువ నచ్చేది మాత్రం 1988 నాటి ఓ చట్టం. నర్సింగ్ హోమ్‌లో ఉన్న భర్తకు సర్కారు సాయం అందాలంటే ఇంట్లో ఉన్న భార్య ఉన్నదంతా ఊడ్చిపెట్టక్కర్లేదని అది చెబుతుంది. భార్య విషయంలో భర్తకైనా అంతే. మికుల్‌స్కీ నాన్నకు అల్జీమర్స్ వచ్చింది. రాజకీయమంటే అధికారం తోడైన సోషల్ వర్కే అని ఆమె ఎందుకనేదో ఈ చట్టం దగ్గర అర్థమవుతుంది.

బాల్టిమోర్ ఉన్న మేరీల్యాండ్ రాష్ట్రానికే 2023లో లెఫ్టినెంట్ గవర్నరైన అరుణా మిల్లర్ మన హైదరాబాద్‌లో పుట్టింది. పుట్టింటి పేరు కాట్రగడ్డ. రాజకీయాల్లోకి రాకముందు ఆమె ఉద్యోగం రవాణా ఇంజినీరు. రోడ్లు వేసే వైపు నుంచీ రాజకీయాల్లోకి రావొచ్చన్నమాట.

పెన్సిల్వేనియా నుంచి దిగివచ్చే ఐ-83 ఇవాళ్టికీ బాల్టిమోర్ నడిబొడ్డున, ఫాయెట్ వీధి దగ్గర ట్రాఫిక్ సిగ్నల్ ముందు ఉన్నట్టుండి అయిపోతుంది. ఎర్ర లైటు పడితే ఆగాలి. అక్కణ్నుంచి ఫెల్స్ పాయింట్ నడిచి వెళ్లేంత దూరం.